తల గాయమైన పసిపిల్లల్ని డిశ్చార్జితో వదిలేయకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

డాబా మీద నుంచి పడిన మూడేళ్ల పాప గురించో, తండ్రి నడుపుతున్న బండి మీద ముందు నిలబడి వస్తూ ప్రమాదానికి గురైన బాబు గురించో మన పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. తలకు బలమైన గాయమైందని, గుంటూరుకో హైదరాబాదుకో తరలించారని, ప్రాణాపాయం తప్పిందని రాస్తారు. వార్త అక్కడితో ఆగిపోతుంది. ఆ పిల్లలు మాత్రం రెండేళ్లకో నాలుగేళ్లకో బడిలో చేరతారు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను కనుక, ఆ తర్వాత వాళ్లకు ఏమవుతుందో దగ్గరగా చూస్తున్నాను. చిన్న వయసులో మెదడుకు తగిలిన గట్టి దెబ్బ ప్రభావం చాలా వరకు ఏళ్లు గడిచాక, చదువు బరువు పెరిగే సమయానికి బయటపడుతుంది. అప్పటికి ఆ గాయం సంగతి బడికి తెలియదు, ఇంట్లోవాళ్లు దాన్ని ఈ ఇబ్బందితో ముడిపెట్టి చూడరు, ఆసుపత్రిలో ఆ పేరు ఏనాడో పాత రికార్డుల్లో కలిసిపోయి ఉంటుంది. అందువల్ల తలకు తీవ్రమైన దెబ్బ తగిలిన ప్రతి పిల్లవాడినీ, ప్రతి పిల్లనూ బడి చదువు పూర్తయ్యేవరకు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు ప్రభుత్వం చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

దీనికి మొదటి అడ్డంకి మనందరిలో పాతుకుపోయిన ఒక నమ్మకం. ‘పసివాళ్లు కదా, లేత శరీరం, ఇట్టే కోలుకుంటారు’ అని పెద్దవాళ్లు అంటారు, కొందరు వైద్యులు కూడా అంటారు. ఆ మాటకు వైద్యశాస్త్రంలోనూ ఒక ఆధారం ఉండేది. 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే అమెరికన్ పరిశోధకురాలు కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, మెదడులో కదలికలను నడిపే భాగం పసితనంలో దెబ్బతిన్న కోతులు పెద్ద కోతులకన్నా బాగా తేరుకున్నట్టు గమనించారు. చిన్న వయసులో మెదడు ఎలాంటి దెబ్బనైనా సర్దుకుంటుందన్న అభిప్రాయం దాని నుంచే బలపడి దశాబ్దాల పాటు నిలిచిపోయింది. కానీ మనుషుల పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి పరిశీలించినవారికి వేరే సంగతి కనిపించింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విక్కీ ఆండర్సన్ బృందం రెండు నుంచి ఏడేళ్ల లోపు వయసులో తలకు దెబ్బతగిలిన పిల్లల్ని పదేళ్ల పాటు గమనించింది. తీవ్రంగా గాయపడిన పిల్లల్లో తెలివితేటలకు, చదువుకు సంబంధించిన లోపాలు పదేళ్ల తర్వాత కూడా మిగిలే ఉన్నాయని, ఇంటి వాతావరణం బాగున్న పిల్లలు కొంత మెరుగ్గా నిలదొక్కుకుంటారని ఆ అధ్యయనం చెప్పింది.

దీని వెనక ఉన్న కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పెద్ద మనిషి తలకు దెబ్బ తగిలితే, అప్పటికే నేర్చుకున్న మాట, లెక్క, పనితనం అతని దగ్గర ఉంటాయి. అందులో కొంత పోయినా మిగిలినదాని ఆసరాతో నెట్టుకొస్తాడు. మూడేళ్ల బిడ్డకు అవన్నీ ఇక ముందు నేర్చుకోవలసినవే. ధ్యాస నిలపడం, విన్నదాన్ని కాసేపు మనసులో పెట్టుకోవడం, ఒక పని తర్వాత ఒకటిగా వరుస కట్టుకోవడం, కోపం వచ్చినప్పుడు తమాయించుకోవడం — ఇవి ఎక్కువగా నుదుటి వెనక ఉండే మెదడు భాగం చేసే పనులు. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. వరినాట్ల సమయంలో వేరుకు తగిలిన దెబ్బ చేను పొట్టకొచ్చే దాకా బయటపడనట్టు, ఈ శక్తుల అవసరం వచ్చేదాకా ఆ లోటు పైకి కనిపించదు. పైగా పసిబిడ్డల తల శరీరంతో పోలిస్తే చాలా పెద్దది. పుట్టినప్పుడు మొత్తం పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. మెడ కండరాలకు బలం చాలదు, పుర్రె ఎముక పలుచన. అందుకే పడినప్పుడు తల ముందు నేలకు తగులుతుంది, మెదడు లోపల గట్టిగా కుదుపుకు గురవుతుంది. ఆ కుదుపులో సన్నని నాడీ తంతువులు సాగి, తెగిపోవచ్చు. ఆ నష్టం సాధారణ సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనిపించదు. ‘స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు’ అని తల్లిదండ్రులు నాతో చెప్పేటప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే ఊరటను నేను అర్థం చేసుకోగలను. స్కాన్ ముఖ్యంగా చెప్పేది రక్తం గడ్డకట్టిందా, ఎముక విరిగిందా, వెంటనే ఆపరేషన్ అవసరమా అన్నదే. ఆ బిడ్డ నాలుగో తరగతి ఎలా చదువుతాడన్నది అందులో ఉండదు.

మా మండలంలో ఒక బాబు గురించి చెబుతాను. కుటుంబం ఆనవాళ్లు తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. మూడేళ్ల వయసులో, పిట్టగోడ లేని డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న నాయనమ్మ వెనకే తిరుగుతూ కిందపడ్డాడు. తెలివితప్పిన స్థితిలో తీసుకెళ్లారు, తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు, కొన్ని వారాలకు నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. అంగన్‌వాడీలో పాటలు పాడాడు, ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దాడు, ఊరంతా సంతోషించింది. మూడో తరగతి సగానికి వచ్చేసరికి కథ మారింది. బోర్డు మీద రాసిన వాక్యాన్ని చూసి రాయమంటే మొదటి రెండు మాటలు రాసి, తల ఎత్తి మళ్లీ చూసేసరికి ఎక్కడ ఆపాడో దొరక్క, మళ్లీ మొదటి నుంచి రాస్తాడు. అతని నోటుబుక్కులో ఒకే వాక్యం తొలి సగం నాలుగుసార్లు ఉంటుంది. ‘ఆఫీసు గదిలో సార్‌ని అడిగి హాజరు పట్టిక తీసుకురా, వచ్చేటప్పుడు డస్టర్ కూడా పట్టుకురా’ అంటే వరండా దాకా వెళ్లి నిలబడిపోతాడు. తిరిగి వచ్చి అడగడానికి సిగ్గు, ముందుకు వెళ్లడానికి మాట గుర్తులేదు. మధ్యాహ్న భోజనం వేళ పళ్లేల చప్పుడు మొదలవగానే చెవులు మూసుకుంటాడు, ఎవరైనా తగిలితే కొడతాడు. భోజనం తర్వాత రెండో పీరియడ్‌కల్లా తల బల్ల మీద వాల్చేస్తాడు. ఉపాధ్యాయులు అతన్ని బద్ధకస్తుడు, పొగరుబోతు అని అన్నారు. ఇంట్లో మొండితనమని తిట్టారు, గాలి సోకిందని అంత్రం కట్టించారు, చివరికి బడి మార్చారు. కొత్త బడికి ఆ డాబా సంగతి అసలే తెలియదు. తల జుట్టు పక్కకు తీసినప్పుడు కనిపించిన ఆపరేషన్ మచ్చ గురించి నేను అడిగితే గానీ తల్లి ఆ విషయం చెప్పలేదు. దాచాలని కాదు, ఇప్పటి ఇబ్బందికి అప్పటి దెబ్బకు సంబంధం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి పిల్లలకు అలసట, తరచూ తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం, చిన్న విషయానికి ఏడుపో కోపమో తన్నుకురావడం సాధారణం. కొందరికి దెబ్బ తగిలిన నెలలకో ఏళ్లకో ఫిట్స్ మొదలవుతాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే ఎదుగుదల ఆగిపోవడం గానీ, ఆడపిల్లలు చాలా ముందుగా పెద్దమనుషులవడం గానీ జరగవచ్చు. అలాంటప్పుడు పాత గాయం సంగతి ముందే చెప్పకపోతే వైద్యుడు కూడా మరో కారణం కోసం వెతకవలసి వస్తుంది. వీటన్నిటికన్నా నన్ను బాధించేది పిల్లల ఒంటరితనం. ఆటలో వంతు వచ్చేదాకా ఆగలేనివాడిని, నవ్వులాటను అర్థం చేసుకోలేక కొట్టేసేవాడిని తోటి పిల్లలు మెల్లగా దూరం పెడతారు. ఏడో తరగతికి వచ్చేసరికి వాడికి స్నేహితులు మిగలరు. బడి మానేసిన పిల్లల జాబితాలో ఆ పేరు చేరినప్పుడు కారణం దగ్గర ‘ఆసక్తి లేదు’ అని రాస్తాం.

తల్లిదండ్రులను బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లలు పడతారు, తలకు బొప్పి కడుతుంది, ఎక్కువ సార్లు ఏమీ కాదు. స్వల్పమైన మెదడు గాయాల విషయంలో నూటికి 70 నుంచి 80 మంది పిల్లలకు చెప్పుకోదగ్గ ఇబ్బందులు ఒకటి నుంచి మూడు నెలలకు మించి ఉండవని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2018లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేను మాట్లాడుతున్నది మిగిలిన ఇరవై ముప్పై మంది గురించి, మధ్యస్థంగానో తీవ్రంగానో గాయపడినవాళ్ల గురించి, ఒకసారి తగిలిన దెబ్బ మానకముందే మళ్లీ తగిలినవాళ్ల గురించి. ఆ నష్టం చిన్నతనంతో పోదనడానికి స్వీడన్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనం సాక్ష్యం. 1973 నుంచి 1985 మధ్య పుట్టిన 11 లక్షల మందికి పైగా జనం వివరాలను పరిశీలించి, పాతికేళ్లలోపు తలకు గాయమైనవారిని, గాయపడని సొంత అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో పోల్చి చూశారు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరిగినా, గాయపడినవారిలో చదువు మధ్యలో ఆగిపోవడం, మానసిక చికిత్స అవసరమవడం, వైకల్య పింఛను మీద బతకవలసి రావడం ఎక్కువగా కనిపించింది. పేదరికమో పెంపకమో కారణమని తోసిపుచ్చే వీలు లేకుండా చేసిన పోలిక కాబట్టి దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను.

మన దగ్గర ప్రాణం కాపాడే ఏర్పాట్లు మెరుగుపడ్డాయి. 2005లో వచ్చిన 108, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే నేను చదువు చెబుతున్న పిల్లల్లో కొందరు ఈ రోజు బతికి ఉండేవారు కాదు. ఆ కృతజ్ఞతతోనే అడుగుతున్నాను: లక్షలు ఖర్చుచేసి నిలబెట్టిన ప్రాణం బడిలో ఎలా ఉందో అడిగే మనిషి ఎందుకు లేరు? 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వస్తున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యాలు అనే నాలుగు వర్గాల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. అందులో తలకు పూర్వం తగిలిన గాయానికి ప్రత్యేకమైన స్థానం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కానీ మెదడు గాయాన్ని విడిగా పేర్కొనలేదు. అమెరికాలో ప్రత్యేక విద్యా చట్టం 1990లోనే దాన్ని ఒక ప్రత్యేక వర్గంగా చేర్చింది. ఆ తేడా కాగితం మీదిదిగా కనిపించవచ్చు గాని, మా పిల్లలకు అది పరీక్షలో అదనపు సమయం దొరకడానికీ దొరకకపోవడానికీ ఉన్న తేడా. ఇలాంటి బాబును వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి తీసుకెళితే నడక బాగుంది, మాట బాగుంది, చూపు బాగుంది. తెలివితేటల పరీక్ష పెడితే, ప్రశాంతమైన గదిలో ఒక్కరే ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు చాలా జవాబులు చెప్పగలుగుతాడు. నలభై మంది ఉన్న గదిలో, గోల మధ్య, మూడు పనులు ఒకేసారి చేయవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో ఆ పరీక్ష కొలవదు. ధ్యాసను, జ్ఞాపకశక్తిని, ఆలోచనా వేగాన్ని విడివిడిగా అంచనా వేయగల నిపుణులు జిల్లా కేంద్రాల్లో దొరకడం అరుదు. బెంగళూరులో మెదడు, మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ దాకా పొమ్మంటే కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు ఎలా వెళతారు?

రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన పిల్లల విషయంలో మరో సమస్య ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, పరిహారం కోసం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలని నిబంధన పెట్టారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది, దాని చెల్లుబాటును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. మూడేళ్ల బిడ్డకు ఆరు నెలల్లో ఏ వైద్యుడు మాత్రం పదేళ్ల తర్వాతి నష్టాన్ని లెక్కగట్టి సర్టిఫికెట్ ఇవ్వగలడు? చేతికి వచ్చిన కాస్త మొత్తానికి రాజీపడి సంతకం పెట్టిన కుటుంబాలు, బిడ్డ చదువు కుంటుపడ్డాక మళ్లీ కోర్టు మెట్లు ఎక్కలేవు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 12 ఏళ్ల వయసులో ప్రమాదానికి గురై మెదడు తీవ్రంగా దెబ్బతిన్న ఒక బాలిక కేసులో, ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చిన పరిహారాన్ని 62 లక్షల రూపాయలు దాటేలా పెంచింది. జీవితాంతం ఆమెకు తోడుగా ఉండే ఇద్దరి ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంది. అంత స్పష్టంగా కనిపించే వైకల్యానికే న్యాయం పన్నెండేళ్లకు పైగా పట్టింది. పైకి కనిపించని నష్టం ఉన్న పసివాళ్ల కేసుల్లో న్యాయవాదులు, న్యాయమూర్తులు తొందరపడి ముగింపు పలకవద్దని, భవిష్యత్తు అంచనా కోసం నిపుణుల సాక్ష్యం అడగాలని నా విన్నపం.

ఇక బడిలో చేయవలసిన పనికి పెద్దగా డబ్బు అక్కరలేదు. పైన చెప్పిన బాబునే తీసుకుంటే, మొదటి వరుసలో గోడ వైపు కూర్చోబెట్టాం. బోర్డు మీది పాఠాన్ని ఒక కాగితం మీద రాసి అతని పక్కనే పెట్టడం వల్ల తల ఎత్తి దించే పని తప్పింది, వాక్యం పూర్తవుతోంది. ఒకసారికి ఒకే పని చెప్పి, అది అయ్యాక రెండోది చెబుతున్నారు. చెప్పింది తిరిగి అతని చేత అనిపిస్తున్నారు. లెక్కలు ఉదయం పూటకు మార్చారు, భోజనం తర్వాత కాసేపు పడుకోనిస్తున్నారు. భోజనానికి అందరికన్నా ముందు పంపుతున్నారు కాబట్టి పళ్లేల గోల తప్పింది, కొట్లాటలు తగ్గాయి. తరగతిలో చదువుకునే పిల్లలందరి స్థాయికి అతను వచ్చేశాడని అబద్ధం చెప్పను. కానీ బడికి రానని మారాం చేయడం మానేశాడు, ఐదో తరగతి పుస్తకంలో ఒక పేరా చదివి అందులో ఏముందో చెప్పగలుగుతున్నాడు. ఇదంతా చేసింది అతని తరగతి ఉపాధ్యాయిని. నేను చెప్పింది అతని మెదడుకు గాయమైందన్న ఒక్క విషయమే. అది తెలిసిన క్షణం నుంచి ఆమె తీరే మారిపోయింది, అంతవరకు శిక్షించిన ప్రవర్తనకు అవసరం వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఒక్క సమాచారం సమయానికి అందేలా చేయడమే నేను కోరేది. పదేళ్లలోపు పిల్లలకు తల గాయానికి చికిత్స చేసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితంతో పాటు, బడికి ఇవ్వడానికి తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వాలి: ఏ వయసులో, ఎంత తీవ్రమైన గాయం, ముందు ముందు ఏ ఇబ్బందులు రావచ్చు, ఎప్పుడు తిరిగి చూపించాలి. తీవ్రతను 3 (అత్యంత తీవ్రం) నుంచి 15 వరకు కొలిచే గ్లాస్గో స్కోరు ఆసుపత్రి రికార్డులో ఎలాగూ ఉంటుంది, దాన్ని అందులో ఎక్కిస్తే చాలు. ఒకటో తరగతిలో చేర్చుకునే దరఖాస్తులో, బాల స్వాస్థ్య బృందం ఫారంలో ‘తలకు పెద్ద దెబ్బ ఎప్పుడైనా తగిలిందా’ అన్న ఒక్క ప్రశ్న చేర్చాలి. అవునన్న పిల్లల పేర్లు మా భవిత కేంద్రాలకు పంపితే, మూడో తరగతిలో, ఆరో తరగతిలో, ఎనిమిదో తరగతిలో ఒకసారి చొప్పున చూసి రావడం మాకు భారం కాదు. చదువు తీరు మారేది ఆ తరగతుల్లోనే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం 2007 నుంచి బ్రెయిన్‌స్టెప్స్ అనే పథకం కింద ఆసుపత్రికి, బడికి మధ్య ఇలాంటి బృందాలను నడుపుతోంది. మనకు కొత్తగా సిబ్బందిని నియమించవలసిన అవసరం కూడా లేదు, ఉన్నవారికి నాలుగు రోజుల శిక్షణ ఇస్తే సరిపోతుంది. సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ మన తెలుగు నేల మీదే ఉంది. ఆ శిక్షణను తెలుగులో తయారుచేయమని దాన్ని రెండు రాష్ట్రాలూ కలిసి అడగవచ్చు.

దెబ్బ తగలకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలని వేరే చెప్పనక్కరలేదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బండి మీద హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు ఉన్న పిల్లలకు కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు తప్పనిసరి అని, ఆ బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదని 2022లో ఇచ్చిన నిబంధనలు 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్నాయి. మా మండల కేంద్రంలో పసివాళ్లకు సరిపోయే హెల్మెట్ అమ్మే దుకాణం ఒక్కటీ లేదు. మిరప కోతల కాలంలో తల్లుల ఒళ్లో పిల్లల్ని పెట్టుకుని కిక్కిరిసి వెళ్లే ఆటోలను ఆపే నాథుడూ లేడు. పిట్టగోడ లేకుండా డాబా ఇల్లు వాడకంలోకి రాకుండా పంచాయతీలు చూడాలి. ఏడుపు ఆపడం లేదని చంటిబిడ్డను పట్టుకుని గట్టిగా కుదిపితే, బయట గాయం కనిపించకుండానే మెదడులో రక్తస్రావం అవుతుందన్న సంగతి అంగన్‌వాడీలో బాలింతలకు తప్పక చెప్పాలి.

మీ పత్రికకు నా మనవి ఒకటి. తల గాయంతో ఆసుపత్రిలో చేరిన పిల్లల వార్త రాసినప్పుడు ఒక ఏడాది తర్వాత, మూడేళ్ల తర్వాత ఆ ఇంటికి మీ విలేకరిని పంపండి. కుటుంబం ఒప్పుకుంటే, పేరు లేకుండా, ఆ బిడ్డ ఎలా ఉందో రాయండి. అధికారులు చదివేది మీరు రాసినదే.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ బిడ్డ తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చి ఉంటే, డిశ్చార్జి కాగితాన్ని, స్కానింగ్ రిపోర్టును పారేయవద్దు. జిరాక్స్ తీయించి ఆధార్ కార్డుతో పాటు భద్రపరచండి. బడిలో చేర్చే రోజు, బడి మారిన రోజు, కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లిన రోజు ఆ సంగతి మీరే ముందుగా చెప్పండి. బిడ్డ బాగానే ఉన్నా సరే చెప్పండి. చదువులో గానీ ప్రవర్తనలో గానీ తేడా కనిపిస్తే మీ మండల విద్యావనరుల కేంద్రంలో భవిత ఉపాధ్యాయులు ఎవరని అడగండి. మేము అక్కడే ఉంటాం, దీనికి రుసుము ఏమీ ఉండదు.

ఇట్లు,
ఒక భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు,
పల్నాడు జిల్లా